అద్దాల్లేని కళ్లజోడు: మా ఇంట్లో ‘స్టీవెన్ యూనివర్స్’

మా వీధి చివర గరాజ్ సేల్‌లో ‘స్టీవెన్ యూనివర్స్’ అనే అమెరికన్ కార్టూన్ సిరీస్ ఫస్ట్ సీజన్ డీవీడీల డబ్బా 5 డాలర్లకి దొరికింది. బేరమాడితే 4కి ఇచ్చేవాళ్లే. పక్కన పాప ఉంది, పరువు అడ్డొచ్చింది.

ఆ రాత్రి మా తెలుగు అమ్మల వాట్సాప్ గ్రూపులో డబ్బా ఫొటో పెట్టాను. అరగంటలో మూడు మెసేజ్‌లు. “అందులో ఆడవాళ్లిద్దరు పెళ్లి చేసుకుంటారు, చూసుకో.” “మేం మా వాడికి చూపించలేదు.” మూడోది మాటల్లేకుండా వట్టి కళ్లు మూసుకున్న కోతి బొమ్మ. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో 14 ఏళ్లుగా ఉన్నాను. ఫలానా దాంట్లో తప్పుందని ఎవరన్నా చెబితే చూసిగానీ నమ్మను. నోటుబుక్కు ఒకటి తీసుకుని పిల్లల పక్కన కూచున్నాను. ఈ రివ్యూ అంతా ఆ నోటుబుక్కులోదే.

ముందు ఎవరెవరం చూశామో చెప్పాలి. పాపకి 10 ఏళ్లు, బుడ్డోడికి 6. పామర్రు నుంచి ఆరు నెలలకని వచ్చిన మా అత్తయ్యకి ఇంగ్లీషు రాదు కానీ టీవీ ముందు నుంచి లేవరు. మా ఆయన సోఫాలో ఉన్నారు కాబట్టి ఆయనా చూసినట్టే లెక్క.

కథ ఇదీ. సముద్రం ఒడ్డున చిన్న ఊరు, పేరు బీచ్ సిటీ. అక్కడ స్టీవెన్ అనే బొద్దుపిల్లాడు. వాడితో పాటు గార్నెట్, అమెథిస్ట్, పెర్ల్ అని ముగ్గురు. చూడ్డానికి ఆడవాళ్లలా ఉంటారు కానీ వేరే గ్రహానికి చెందిన రత్నాల జాతి వాళ్లది. ఒంటి మీద ఎక్కడో ఒకచోట ఉండే రాయే వాళ్ల ప్రాణం, మిగతా శరీరమంతా వెలుగు. స్టీవెన్ తల్లి రోజ్ క్వార్ట్జ్ కూడా వాళ్లలో ఒకరే. బిడ్డ పుట్టాలంటే తను ఉండకూడదు కాబట్టి ఉండలేదు. ఆ తల్లి రాయి వీడి బొడ్డు దగ్గర ఉంటుంది. తండ్రి గ్రెగ్ మామూలు మనిషి, కార్ వాష్ నడుపుతూ వ్యానులో పడుకుంటాడు.

కార్టూన్ నెట్‌వర్క్‌లో 2013 నవంబర్‌లో మొదలై 2019 జనవరి దాకా 160 ఎపిసోడ్లు వచ్చింది. ఒక్కోటి 11 నిమిషాలు. అంటే నేను ఐదారు దోసెలు వేసేలోపు ఒక కథ అయిపోతుంది. దీన్ని సృష్టించిన రెబెక్కా షుగర్ మా మేరీలాండ్‌లోనే, సిల్వర్ స్ప్రింగ్‌లో పెరిగారు. ఆ ఛానల్‌లో ఒక్కచేతి మీద సిరీస్ సృష్టించిన మొదటి మహిళగా పేరొచ్చింది. తర్వాత తను నాన్ బైనరీ, అంటే వట్టి ఆడా మగా అనే లెక్కలో ఇమడని మనిషినని కూడా చెప్పుకున్నారు. స్టీవెన్ అంటే అసలు షుగర్ తమ్ముడి పేరు. ఆ తమ్ముడే ఈ సిరీస్‌కి బ్యాక్‌గ్రౌండ్లు గీశాడు. ఊరు డెలావేర్ బీచ్‌లని చూసి గీసింది కాబట్టి, ఏటా మేం వెళ్లే రెహోబత్‌లోని ఫ్రైస్ కొట్లని బుడ్డోడు మొదటి ఎపిసోడ్లలోనే పట్టేశాడు. “మనం అక్కడ కెచప్ పారబోశాం కదమ్మా” అన్నాడు. పారబోసింది వాడే.

ఇక కొనీ సంగతి.

కొనీ స్టీవెన్ స్నేహితురాలు. చామనఛాయ, పొడుగు జుట్టు, కళ్లజోడు, చేతిలో ఎప్పుడూ ఒక పుస్తకం. పూర్తి పేరు కొనీ మహేశ్వరన్. అమ్మ డాక్టర్ ప్రియాంక, నాన్న డగ్ సెక్యూరిటీ ఉద్యోగి. ఇంటిపేరు తెర మీద చదివేసరికి పాప లేచి నుంచుంది. “తమిళవాళ్ల పేరు కదా?” అన్నారు అత్తయ్య. అవునన్నాను. “పిల్ల మన పాప రంగే” అన్నారు. ఆ మాటలో “అయినా కళగా ఉంది” అనే తోక లేదు. ఇదివరకు ఆ తోక వినీ వినీ ఉన్నాం కాబట్టి నోటుబుక్కులో రాసుకున్నాను.

పాప చిన్నప్పుడు ఇండియా వెళ్లినప్పుడల్లా చూసింది ఛోటా భీమ్. మన హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ వాళ్లు తీసింది, 2008 నుంచి వస్తోంది. నాకూ ఇష్టమే, కాదనను. కానీ అందులో పొగరుబోతు లావుపిల్లాడి పేరు కాలియా. పేరులోనే నలుపు. బుగ్గల మీద ఎర్రటి గుండ్రాలున్న చుట్కీ ఏమో అమ్మతో కలిసి లడ్డూలు చేస్తుంది. బాగా చేస్తుంది, భీమ్ తింటాడు, బలం వస్తుంది, కొడతాడు. కొనీ దగ్గరికొస్తే కత్తి పట్టడం పెర్ల్ దగ్గర పద్ధతిగా నేర్చుకుంటుంది, స్టీవెన్ డాలు పట్టుకుంటాడు. దాడి అమ్మాయిది, కాపాడే పని అబ్బాయిది. ఆ డాలు కూడా గులాబీ రంగే, దాని మీద రోజాపువ్వు. మా బుడ్డోడు పప్పుగిన్నె మూత డాలుగా చేసుకున్నాడు. అంతటితో ఆగలేదు. ఒకరోజు స్నానం చేయిద్దామని చొక్కా విప్పితే బొడ్డు మీద గులాబీ రంగు బొట్టుబిళ్ల! నానమ్మ అట్టలోంచి తీసి అంటించుకున్నాడు. వారం రోజుల్లో అట్ట ఖాళీ అయింది. అత్తయ్య ఏమీ అనలేదు కానీ ఇండియన్ స్టోర్‌కి వెళ్లినప్పుడు రెండు అట్టలు కొనిపించుకున్నారు.

కొనీ ఇంటి ఎపిసోడ్లు రెండున్నాయి, రెండూ మనవాళ్లు తప్పకుండా చూడాలి. మొదటి దాంట్లో కొనీ తల్లిదండ్రులు స్టీవెన్ ఇంటివాళ్లని కలవాలంటారు. స్టీవెన్‌కి మామూలుగా అమ్మా నాన్నా ఉన్నారని కొనీ ఇంట్లో అబద్ధం చెప్పేసి ఉంది. ముగ్గురమ్మలని చెబితే ఇంకోసారి గడప తొక్కనివ్వరని భయం. అందుకని ముగ్గురూ కలిసిపోయి ఆరు చేతుల భారీ మనిషిగా మారి, ‘మా అమ్మ’ అని హోటల్‌కి వస్తారు. పెర్ల్‌కి తినడమంటేనే అసహ్యం. తినకపోతే బాగోదు, తింటే లోపల గొడవ. ఆ మహామాత అందరి ముందూ మూడు ముక్కలవుతుంది. పరాయి ఊళ్లో కొత్తవాళ్ల ముందు “మా కుటుంబం ఇలా ఉంటుంది” అని అబద్ధమాడని ఇల్లు మనలో ఏదన్నా ఉందా? మా ఆయన ఫోన్ పక్కన పెట్టింది అప్పుడే. చివరికి కొనీ తల్లిదండ్రులు కుదుటపడేది దేనికంటారు? పారిపోబోయిన స్టీవెన్‌కి వాళ్లు వేసిన శిక్ష విని. వెయ్యేళ్లు టీవీ బంద్. “అయితే పద్ధతి గల ఇల్లే” అన్నమాట. ఇది రాసినవాళ్లెవరో మన ఇళ్లల్లో భోంచేసి వెళ్లి ఉండాలి.

రెండోది సెకండ్ సీజన్‌లో, హాస్పిటల్లో జరుగుతుంది. దీనికి ముందు సంగతి ఒకటుంది. ఫస్ట్ సీజన్‌లోనే, స్టీవెన్ తాగిన జ్యూస్ డబ్బాలోంచి కొనీ తాగుతుంది. వాడి ఎంగిలికి జబ్బులు నయం చేసే గుణం. ఆమె చూపు సరైపోతుంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేక కొనీ కళ్లజోడులోంచి అద్దాలు పీకేసి, వట్టి ఫ్రేము పెట్టుకుని తిరుగుతూ ఉంటుంది. టెన్నిస్, వయొలిన్, ఫోన్, ఎవరితో తిరుగుతోంది, అన్నీ కనిపెట్టి ఉండే డాక్టరమ్మ ఆ రోజు హాస్పిటల్లో కూతురి కత్తి పట్టేసుకుని నిలదీస్తుంది. అప్పుడు కొనీ అడుగుతుంది, దాదాపు ఏడాదిగా నా కళ్లజోడులో అద్దాలే లేవు, అది కనబడలేదా అని.

నోటుబుక్కులో ఆ పేజీ ఖాళీగా ఉంది.

ఆ ఎపిసోడ్ అయ్యాక పాపని అడిగాను, “నీ సంగతి కూడా నేను చూడనిది ఏమన్నా ఉందా?” అని. సరదాగానే అడిగాను. అది కాసేపు ఆలోచించి, “షూస్ టైట్. థాంక్స్‌గివింగ్ నుంచి” అంది. థాంక్స్‌గివింగ్ నవంబర్‌లో, మేం మాట్లాడుకుంటున్నది ఫిబ్రవరిలో. వెళ్లి చూస్తే మడమ దగ్గర తొక్కి తొక్కి చెప్పుల్లా చేసుకుంది. చెబితే ఆ ఊదా రంగువి దొరకవేమోనని చెప్పలేదట. దాని మార్కుల్లో అర మార్కు తగ్గితే నాకు యాప్‌లో నోటిఫికేషన్ వస్తుంది. షూకి యాప్ లేదు.

కొనీ విషయంలో నా ఫిర్యాదులు రెండు. ఆమెకి గొంతిచ్చింది గ్రేస్ రోలెక్, భారతీయురాలు కాదు. తల్లిదండ్రుల గొంతులూ అంతే. చెడ్డగా చేశారని కాదు, చాలా బాగా చేశారు. కానీ గార్నెట్‌కి నల్లజాతి గాయని ఎస్టెల్‌ని ఏరికోరి తెచ్చుకున్నవాళ్లు, మహేశ్వరన్ అని పేరు పెట్టిన పిల్లకి అదే శ్రద్ధ చూపించొచ్చు. రెండో ఫిర్యాదు, ఆ ఇంట్లో భాష లేదు, దేవుడి పటం లేదు, పోపు వాసన లేదు. పేరూ రంగూ తీసేస్తే ఏ అమెరికా ఇల్లయినా కావచ్చు. పాప దీనికి ఒప్పుకోలేదు. “కొనీకి ఇండియన్ అవడం పని కాదమ్మా, కత్తి ఆమె పని” అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఫిర్యాదు మాత్రం అలాగే ఉంచుతున్నాను.

ఫ్యూజన్ సంగతి చెప్పకుండా ఈ సిరీస్ గురించి చెప్పలేం. ఇద్దరు రత్నాలు కలిసి నాట్యం చేస్తే ఒకటైపోయి మూడో మనిషి అవుతారు. ఎంత కుదిరితే అంత అందంగా ఉంటారు, మనసు విరిగితే విడిపోతారు. స్నేహం, ప్రేమ, బలవంతం, మోసం అన్నిటికీ ఇదొక్కటే భాష. ఆరేళ్లవాడికీ అర్థమవుతుంది. స్టీవెన్, కొనీ ఒకరోజు బీచ్‌లో నాట్యం చేస్తూ అనుకోకుండా ఒకటవుతారు. ఆ వచ్చిన మనిషి పేరు స్టీవానీ. పొడుగ్గా, అందంగా, ఇటు అబ్బాయీ కాదు, అటు అమ్మాయీ కాదు. ఇంగ్లీషులో ‘హీ’, ‘షీ’ కాకుండా ‘దే’ అంటారు.

గొడవ ఇక్కడే మొదలైంది. నానమ్మకి కథ తెలుగులో చెప్పే డ్యూటీ పాపది. పాప తెలుగు ఇక్కడి పిల్లల తెలుగు. “నాన్న వచ్చింది”, “బస్సు వచ్చాడు” రకం. స్టీవానీ తెర మీదికి రాగానే, “నానమ్మా, స్టీవానీ వచ్చాడు... వచ్చింది... అమ్మా, వాట్ ఈజ్ ఇట్?” అని ఆగిపోయింది.

నేనూ ఆగాను. తెలుగులో క్రియ దగ్గరికొచ్చేసరికి తప్పించుకోలేం. ‘తను’ అంటే ఎవరైనా కావచ్చు, కానీ ఆ వెనకే వచ్చాడో వచ్చిందో తేల్చమంటుంది. పైగా మన భాషలో ఆడమనిషికీ బస్సుకీ ఒకటే క్రియ, రెండూ ‘వచ్చింది’. దీని మీద నాకెప్పటి నుంచో కోపం ఉంది, అది వేరే వ్యాసం.

అత్తయ్య చిక్కుడుకాయలు ఈనె తీస్తూ తల ఎత్తకుండానే అన్నారు: “వచ్చారు అను. లోపల ఇద్దరున్నారు కదా.”

అయిపోయింది. ఇంగ్లీషువాళ్లు ఏళ్ల తరబడి వాదించుకునే ‘దే’ గొడవ మా ఇంట్లో చిక్కుడుకాయల మధ్య తేలిపోయింది. వారు వచ్చారు, వారు వెళ్లారు, స్టీవానీ గారు డోనట్ తిన్నారు. ఆ తర్వాత గార్నెట్ కూడా ఫ్యూజనే అని తెలిశాక ఆవిడకీ బహువచనం వచ్చేసింది. కాసేపాగి అత్తయ్యే మళ్లీ, “ఇంటిపేరేమిటన్నావు, మహేశ్వరనా? అయితే అర్ధనారీశ్వరుడే” అన్నారు. రాసినవాళ్లు ఆ పేరు అందుకే పెట్టారో లేదో నేను చెప్పలేను. పెట్టకపోతే అదృష్టం వాళ్లది.

ఒక మాట. అదే ఎపిసోడ్‌లో స్టీవానీని ఒక డాన్స్ హాల్లో కెవిన్ అనే కుర్రాడు వెంటపడి విసిగిస్తాడు. అప్పటిదాకా అందరూ మెచ్చుకుంటూ చూసిన చూపులు ఒక్కసారిగా చేదయిపోతాయి. ఒంటరితనం, భయం. మన ఊళ్లో బస్టాండ్‌లో పదమూడేళ్లప్పుడు నాకు తెలిసొచ్చిన సంగతి అది. రెండు నిమిషాల్లో చూపించారు, ఒక్క పాఠం చెప్పకుండా.

ఇక వాట్సాప్ గ్రూపు హెచ్చరించిన పెళ్లి. ఫస్ట్ సీజన్ చివర్లో, 2015 మార్చిలో వచ్చిన ఎపిసోడ్‌లో గార్నెట్ అసలు ఒక మనిషి కాదని తెలుస్తుంది. రూబీ అని ఎర్రటి కోపిష్టి, సఫైర్ అని నీలంగా చల్లగా ఉండే ఆవిడ, ఇద్దరూ ఒకరిని విడిచి ఒకరుండలేక కలిసే ఉండిపోయిన రూపం గార్నెట్. (మా డీవీడీకి సరిగ్గా ఇక్కడే గీత పడింది. రూబీ నోరు తెరిచి ఆగిపోయింది. డిస్కు తీసి బనీను గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి, మూడోసారికి ఆడింది. 5 డాలర్ల డబ్బా మరి. మిగతా సీజన్లు స్ట్రీమింగ్‌లో చూశాం.) వాళ్లిద్దరి పెళ్లి 2018 జూలైలో వచ్చింది. పొట్టి జుట్టు, పోట్లాటమనిషి రూబీ తెల్ల గౌనులో ఉంటుంది, నాజూకు సఫైర్ సూట్ వేసుకుంటుంది. కళ్లు మూసుకుంటే తప్ప తప్పించుకోలేనట్టుగా పెట్టారు. ఏ భాషలోనైనా డబ్బింగ్‌లో రూబీకి మగ గొంతు పెట్టి సరిపుచ్చుదామంటే ఆ గౌను అడ్డమొస్తుంది. ఈ పెళ్లి తెర మీదికి తేవడానికి ఏళ్ల తరబడి కొట్లాడాల్సి వచ్చిందని షుగర్ తర్వాత చెప్పుకున్నారు. ఎల్జీబీటీ మనుషుల్ని సరిగ్గా చూపించినవాళ్లకి ఇచ్చే గ్లాడ్ అవార్డు మరుసటి ఏడాది వచ్చింది, పిల్లలూ కుటుంబాల విభాగంలో. అటువైపు చూస్తే, 2016లో బ్రిటన్ కార్టూన్ నెట్‌వర్క్ పెర్ల్, రోజ్‌ల నాట్యంలో కొంత కత్తిరించింది. గ్రెగ్, రోజ్‌ల ముద్దు మాత్రం ఉంచింది. 2017లో కెన్యా సెన్సార్ బోర్డు నిషేధించిన కార్టూన్లలో ఇదీ ఉంది.

ఆ ఎపిసోడ్ రోజు నాకు టెన్షన్‌గానే ఉంది. పిల్లల గురించి కాదు, అత్తయ్య గురించి. కందిపొడి వంకతో వంటింట్లో ఉండిపోదామా అనుకున్నాను. రత్నాల పేర్లు ఆవిడ ఎప్పుడో తెలుగు చేసేసుకున్నారు. పెర్ల్ ముత్యం, రూబీ కెంపు, సఫైర్ నీలం, గార్నెట్ గోమేధికం. పెళ్లి మొదలైంది. ఉంగరాలు, పూలు, ఊరంతా వచ్చింది. అత్తయ్య ముఖం చూస్తే ఏదో నచ్చనట్టే ఉంది. నేను సర్దిచెప్పడానికి నోరు తెరిచేలోపు ఆవిడే అన్నారు.

“కెంపూ నీలమూ ఒక్కచోట పెట్టరమ్మాయ్. సూర్యుడికీ శనికీ పడదు. నవరత్నాల ఉంగరంలో అయితే వేరే సంగతి.”

అంతే. అభ్యంతరం అంతవరకే.

గౌను గురించి నేనే కదిపాను, ఆ రూబీ మగరాయుడిలా ఉంటుంది కదా అత్తయ్యా, దానికి గౌనేమిటి అని. ఆవిడ నవ్వారు. పామర్రుకి కూచిపూడి ఎంత దూరం గనక! చిన్నప్పుడు వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామాకలాపం చూశారట. తెర వెనకుండి జడ తెర మీదుగా బయటికి వేసేవారట, ఆ జడ చూసే జనం ఈలలు. “మా నాయనమ్మ ఆ సత్యభామని చూసొచ్చి ఇంట్లో నడక నేర్చుకుంది. ఆయన మగాడని తెలీకనా?” అన్నారు. సెకండ్ సీజన్‌లో స్టీవెన్ స్కర్టు వేసుకుని, రంగు పూసుకుని స్టేజీ ఎక్కి పాడే ఎపిసోడ్ ఒకటుంది. ఎవరూ నవ్వరు, చప్పట్లు కొడతారు. అత్తయ్యకి ఆ ఎపిసోడ్‌లో వింతేమీ కనబడలేదు, వాడి పాట శ్రుతిలో ఉందా లేదా అనే చూశారు. మా తరం సినిమాల్లో ఆడవేషం అంటే కామెడీ ట్రాక్ అని నేర్చుకుంది నేనూ, మా ఆయనా.

ఇంతా మెచ్చుకున్నాక జాతి విషయంలో దీని లెక్క అంత శుభ్రంగా లేదని కూడా చెప్పాలి. మామూలు మనుషుల్లో బాగుంది. ఊళ్లో పిజ్జా కొట్టు నడిపేది ఘనా నుంచి వచ్చిన కుటుంబం. ఆ ఇంటి ముసలావిడ నానెఫువా ఎన్నికల్లో గెలిచి మేయరవుతుంది, దాన్ని వింతగా చూపించరు. తంటా రత్నాల దగ్గర. వాళ్లకి రంగులు ఎరుపూ నీలమూ ఊదా, కానీ గార్నెట్ పెదాలు, జుట్టు, గొంతు చూస్తే నల్లజాతి స్త్రీ అని ఎవరికైనా తెలుస్తుంది. ఆవిడ అందరికీ పెద్ద దిక్కు, నాకెంతో ఇష్టం. కానీ ఫస్ట్ సీజన్‌లోనే గార్నెట్, అమెథిస్ట్ కలిసి షుగిలైట్ అవుతారు. గొంతు నల్లజాతి ర్యాపర్ నిక్కీ మినాజ్‌ది. కొండంత ఆకారం, ఆపలేని కోపం, విధ్వంసం. నల్లజాతి ప్రేక్షకులు దీని మీద నొచ్చుకున్నారంటే తప్పు పట్టలేం.

అంతకన్నా నొప్పించేది బిస్మత్ సంగతి. నల్లజాతి నటి ఉజో అడూబా గొంతు. కమ్మరి, జడలు కట్టిన రంగుల జుట్టు, హాస్యం, రత్నాల గ్రహాన్ని ఏలే డైమండ్ దొరల మీద రోజ్ లేవదీసిన తిరుగుబాటుకి ఆయుధాలు చేసిచ్చిన మనిషి. దొరల్ని పూర్తిగా చంపే ఆయుధం చేద్దామన్నందుకు రోజ్ ఆమెని బుడగలో బంధించి, వేల ఏళ్లు ఎవరికీ చెప్పకుండా దాచేస్తుంది. విడుదలైన ఎపిసోడ్ చివర్లోనే మళ్లీ బుడగలోకి. తిరిగి రావడానికి రెండు సీజన్లు పట్టింది. గ్రహాలకి గ్రహాలు తుడిచిపెట్టిన డైమండ్ దొరసానులేమో చివర్లో కన్నీళ్లు పెట్టుకుంటే కుటుంబంలో చేరిపోతారు. క్షమించడం మంచిదే. ఎవరిని ఎంత త్వరగా క్షమించారన్నది కూడా ఒక లెక్కే, ఆ లెక్కలో బిస్మత్‌కి అన్యాయం జరిగింది. నోటుబుక్కులో దీన్ని ఎర్ర పెన్నుతో రాశాను.

తీసినవాళ్లకి ఇది తెలియదని అనను. 2020లో ఇవే పాత్రలతో జాతివివక్ష మీద చిన్న చిన్న ప్రకటనలు తీశారు. ఒకదాంట్లో, నల్లగా ఉన్నా తెల్లగా ఉన్నా ఊదాగా ఉన్నా ఒకటే అనే మాట వస్తుంది. వెంటనే అమెథిస్ట్ ఆపేస్తుంది: ఇదేం పోలిక, నేను వేరే గ్రహం మనిషిని కాబట్టి ఊదాగా ఉన్నాను! అసలు మనుషులు పడే అవమానాన్ని లేని రంగుతో పలచన చెయ్యొద్దని. సిరీస్ తన మీద తనే వేసుకున్న జోకులా ఉంటుంది. మరోదాంట్లో పెర్ల్ చరిత్ర పాఠం చెబుతూ, బల్బు అనగానే ఎడిసన్ ఒక్కడేనా, ఫిలమెంట్ మెరుగుపరిచిన నల్లజాతి ఆవిష్కర్త లూయిస్ లాటిమర్ సంగతేమిటని అడుగుతుంది. పాప స్కూల్ ప్రాజెక్టుకి లాటిమర్‌నే తీసుకుంది. అట్టముక్కల మీద బల్బులు అంటించిన పాపం నాది, రాత్రి పదకొండు దాకా.

మిగతా లోపాలు గబగబా చెప్పేస్తాను. మొదటి 20 ఎపిసోడ్లు నెమ్మది, కొన్ని వట్టి అల్లరి. అక్కడే వదిలేసినవాళ్లు నాకు తెలుసు. పాటలు తగ్గించమని నేను, పెంచమని పాప. బొమ్మల కొలతలు ఎపిసోడ్‌కొకలా ఉంటాయి, పెర్ల్ ముక్కు ఒక్కోసారి ఒక్కో పొడుగు. చివరి భాగం ‘ఫ్యూచర్’, 2019–20లో వచ్చిన 20 ఎపిసోడ్లు, ఆరేళ్లవాడికి వద్దు. అందరి కష్టాలూ తీర్చీ తీర్చీ స్టీవెన్ తనే కుంగిపోతాడు, అది పదేళ్లు దాటినవాళ్లకి. బుడ్డోడిని ఆ రోజుల్లో పక్క గదిలో కూచోబెట్టాం. తెలుగు సబ్‌టైటిల్స్ మాకెక్కడా కనబడలేదు. మా ఇంట్లో మాదిరి మనవరాలిని పెట్టుకోవాలి, తప్పుల తెలుగైనా ఫరవాలేదు.

డీవీడీ డబ్బాకి: పాతది కొనేటట్టయితే డిస్కులు వెలుతురులో పట్టి చూసుకోండి, ముఖ్యంగా ఆఖరిది. సిరీస్‌కి: అయిదుకి నాలుగు. పోయిన ఒకటీ సగం బిస్మత్‌కి, సగం కొనీ ఇంట్లో వినబడని పోపు చప్పుడికి. వాట్సాప్ గ్రూపులో ఈ మాటే పెట్టాను. కోతి బొమ్మ పెట్టినావిడ విడిగా మెసేజ్ చేసి, ఏ ఎపిసోడ్ నుంచి మొదలుపెట్టాలని అడిగింది. హోటల్ ఎపిసోడ్ అని చెప్పాను.

అత్తయ్య ‘ఫ్యూచర్’ మొదలుపెట్టకముందే పామర్రు వెళ్లిపోయారు. ఆవిడకి అందరికన్నా ఇష్టం ముత్యం. రోజ్ పోయినా ఆవిడ మీద ప్రేమ చంపుకోలేక, ఆ రోజ్ మనసిచ్చిన గ్రెగ్‌తోనే ఒక ఇంట్లో మనిషిలా మెలిగే పెర్ల్. పెర్ల్ బాల్కనీలో ఒంటరిగా పాడే పాటకి అర్థం చెప్పమని అత్తయ్య పాపని అడగలేదు. మామయ్య గారు పోయి నాలుగేళ్లు.

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో పిల్లల చదువులు, ఉసిరికాయ పచ్చడి అన్నీ అయ్యాక, “ఆ ముత్యం గారికి ఏమన్నా కుదిరిందా?” అని అడిగారు.

“తేల్చి చెప్పలేదు అత్తయ్యా. బిస్మత్‌కి ఆవిడంటే ఇష్టమున్నట్టు మాత్రం చూపించారు.”

“బిస్మత్ అంటే ఏ రాయి?”

“రాయి కాదు, లోహం.”

అత్తయ్య ఒక్క క్షణం ఆలోచించారు. “అయితే పొదగొచ్చులే” అన్నారు.